బుద్ధవనం, నాగార్జునసాగర్: తరచుగా అడిగే ప్రశ్నలు

సాగర్ అంటే డ్యామ్, గేట్లు, చేపల వేపుడు అనుకొని బయల్దేరేవాళ్లే ఎక్కువ. దారిలో కనబడే పెద్ద తెల్లటి గుమ్మటం ఏంటని అక్కడికి వచ్చాక అడుగుతారు. అది బుద్ధవనంలోని మహాస్తూపం. బుద్ధుడి కథల శిల్పాలు, స్తూపాల నమూనాలతో కట్టిన పెద్ద ఉద్యానం ఈ బుద్ధవనం. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చేవాళ్లు మాటిమాటికీ అడిగే ప్రశ్నలకు జవాబులివి.

బుద్ధవనం పాతకాలపు బౌద్ధక్షేత్రమేనా?

కాదు. అక్కడున్న స్తూపాలు, విగ్రహాలు, ఫలకాలు అన్నీ మన కాలంలో కట్టినవి, చెక్కినవి. కృష్ణాలోయలో అసలు బౌద్ధం వర్ధిల్లిన విజయపురి అక్కడికి కొద్ది దూరంలోనే ఉండేది. ఇప్పుడది జలాశయం అడుగున ఉంది. అందులోంచి బయటికి తీసిన శిల్పాలు నీళ్ల మధ్యనున్న నాగార్జునకొండ మ్యూజియంలో ఉన్నాయి.

ఈ తేడా తెలియక బుద్ధవనం చూసి "రెండువేల ఏండ్ల నాటి శిల్పాలు" అని ఫొటోలు పెట్టేవాళ్లున్నారు. అన్నీ నకళ్లే కదా అని పెదవి విరిచి లోపలికి పోకుండానే తిరిగెళ్లేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ నష్టపోతున్నట్టే. మ్యూజియంలో విరిగిన ముక్కలుగా కనిపించేది నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో బుద్ధవనం చూపిస్తుంది. ఇది చూసి అక్కడికి పోతే ఆ ముక్కలు అర్థమవుతాయి.

ఎంత పెద్దది? ఎప్పుడు మొదలైంది?

మొత్తం 274 ఎకరాలు, కృష్ణ ఎడమ గట్టున. ఉమ్మడి రాష్ట్రంలో మొదలైనప్పుడు దీని పేరు శ్రీపర్వతారామం. 2006లో దలైలామా వచ్చి ఇక్కడ బోధి మొక్క నాటారు. ఆ తర్వాత పని చాలా ఏండ్లు నత్తనడకన సాగి, తెలంగాణ వచ్చాక ఊపందుకుంది. 2022 మే 14న, బుద్ధపూర్ణిమకు రెండు రోజుల ముందు, ప్రారంభమైంది. 2025 బుద్ధపూర్ణిమ నాడు ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన ఆసియా దేశాల అమ్మాయిలను ఇక్కడికి తీసుకొచ్చారు. దాంతో మన జిల్లావాళ్లు కూడా చాలామంది మొదటిసారి ఈ పేరు విన్నారు.

274 ఎకరాలంటే అంతా నడవాలేమోనని భయపడకండి. చూడదగ్గ భాగాలన్నీ కలిపినా రెండున్నర, మూడు గంటల నడక.

లోపల ఏమేం ఉన్నాయి? ఏ వరసలో చూడాలి?

ముఖ్యమైనవి ఐదు. బుద్ధుడి జీవితంలోని ఘట్టాలతో బుద్ధచరితవనం, పూర్వజన్మల కథలతో జాతకవనం (దీన్నే బోధిసత్త్వవనం అని కూడా అంటారు), ధ్యానవనం, చిన్న నమూనాల స్తూపవనం, అన్నిటికన్నా పెద్దది మహాస్తూపం. చలికాలమైతే ఇదే వరసలో పోవచ్చు. కథ మొదటి నుంచి చెప్పుకుంటూ పోయి చివరికి స్తూపం దగ్గర ఆగినట్టుంటుంది.

ఎండకాలం మాత్రం ఈ వరస పనికిరాదు. తొమ్మిదిన్నర దాటితే ఆరుబయటి వనాల్లో నిలబడలేం. పొద్దున తలుపు తీయగానే జాతకవనం, స్తూపవనం ముగించుకోండి. ఎండ ముదిరేసరికి మహాస్తూపం లోపలికి చేరుకోండి. ధ్యానవనం సాయంత్రానికి వదిలేయండి.

మహాస్తూపం దేనికి నమూనా? అందులో ఏం గమనించాలి?

అమరావతి మహాచైత్యానికి, అంటే అక్కడి పాత పెద్ద స్తూపానికి. దీని వ్యాసం 42 మీటర్లు, ఎత్తు 21 మీటర్లు. పాతకాలపు స్తూపాలు లోపల గట్టిగా నిండి ఉండేవి, ఎవరూ లోపలికి పోయేది లేదు. వాటి చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లు. ఇక్కడ మాత్రం గుమ్మటం కింద ధ్యానమందిరం పెట్టారు. బయట పాత పద్ధతి, లోపల కొత్త అవసరం. మీ పిల్లలు "పాత స్తూపాల లోపల కూడా ఇట్లనే ఉండేదా" అని అడిగితే లేదని చెప్పండి.

అమరావతిలో అసలు గుమ్మటం మిగల్లేదు. ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ 1797లో చూసేనాటికే దాన్ని తవ్వి రాళ్లు ఎత్తుకుపోతున్నారు. మిగిలిన ఫలకాలు ఇప్పుడు ఎక్కువగా చెన్నై, లండన్ మ్యూజియంలలో ఉన్నాయి. మరి ఆకారం ఎలా తెలిసిందంటే, ఆనాటి శిల్పులు స్తూపం చుట్టూ అమర్చిన పలకల మీద స్తూపం బొమ్మనే చెక్కారు. కంచె, వేదిక, సింహాలు, గుమ్మటం, పైన గొడుగులు, అన్నీ ఆ పలకల్లో కనబడతాయి. ఇప్పటివాళ్లు ఊహించే రూపానికి ఆధారం అవే.

బయట ఒక్క చుట్టు తిరగండి. గడియారం ముల్లు తిరిగినట్టు, అంటే స్తూపం మీ కుడిచేతి వైపు ఉండేలా. గుడి ప్రదక్షిణలాగే. ఫలకాలను కూడా ఆ నడకతోనే చూడాలి.

నాలుగు దిక్కులా ఐదేసి స్తంభాలు నిలబెట్టారు. అవి దేన్నీ మోయడం లేదు కదా, ఎందుకు?

ఇవే ఆయక స్తంభాలు. కృష్ణాలోయ స్తూపాల ప్రత్యేకత ఇదే. గుండ్రటి వేదిక నాలుగు దిక్కులా కొద్దిగా ముందుకు పొడుచుకొస్తుంది, ఒక్కో దాని మీద ఐదు స్తంభాల చొప్పున మొత్తం ఇరవై. పైకప్పు ఏమీ ఉండదు. ఐదూ బుద్ధుడి జీవితంలోని ఐదు ఘట్టాలకు గుర్తులు: పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, మొదటి ఉపదేశం, మహాపరినిర్వాణం. బుద్ధచరితవనంలో విగ్రహాలుగా చూసింది కూడా ఈ ఐదింటినే.

సాంచి ఫొటోలు చూసినవాళ్లు అక్కడి చెక్కిన రాతి తోరణాలు ఇక్కడెందుకు లేవని అడుగుతారు. అమరావతి, నాగార్జునకొండల్లో ఆ పద్ధతి లేదు. మన సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో మాత్రం తోరణం దొరికింది. ఆ సంగతి కింద చెప్పుకుందాం.

నాగార్జునకొండలో దొరికిన ఆయక స్తంభాల మీద ప్రాకృతంలో శాసనాలున్నాయి. విజయపురి నుంచి ఏలిన ఇక్ష్వాకు రాజుల చరిత్రలో మనకు తెలిసింది చాలావరకు వాటి చలవే.

శిల్ప ఫలకాలు చూస్తుంటే అన్నీ ఒకేలా, కిక్కిరిసి కనబడుతున్నాయి. ఎలా చూడాలి?

మొట్టమొదట ఒక సంగతి తెలుసుకోవాలి. ఒక్క చట్రంలోనే ఒకే మనిషి రెండుమూడు సార్లు కనిపించవచ్చు. కథ ముందుకు నడిచేకొద్దీ అదే మనిషిని మళ్లీ చెక్కుతారు. వేర్వేరు మనుషులనుకుంటే కథ గజిబిజి అవుతుంది. తలపాగా, పక్కనున్న ఏనుగు లేదా గుర్రం లాంటి గుర్తు పట్టుకొని చూడండి.

రెండోది, బుద్ధుడు ఉండాల్సిన చోట ఖాళీ. పాత ఫలకాల్లో బుద్ధుడికి మనిషి రూపం ఇవ్వలేదు. ఖాళీ సింహాసనం, దాని కింద జత పాదాలు, వెనుక బోధివృక్షం కనిపిస్తే అది ఆయనే. చక్రం ఉంటే మొదటి ఉపదేశం, స్తూపం ఉంటే నిర్వాణం. ఆ తర్వాతి కాలంలో నిలువెత్తు బుద్ధుడు వచ్చాడు. నాగార్జునకొండలో రెండు పద్ధతులూ దొరికాయి.

ఒక ఘట్టాన్ని దగ్గరగా చూద్దాం. సిద్ధార్థుడు అర్ధరాత్రి ఇల్లు విడిచే బొమ్మలో కంథకం అనే గుర్రం ఉంటుంది. దాని కాళ్ల కింద చూడండి, పొట్టి యక్షులు గిట్టలను అరచేతులతో పట్టి మోస్తుంటారు. చప్పుడైతే ఊరు లేస్తుందని. పాత పద్ధతి ఫలకాల్లో ఆ గుర్రం మీద ఎవరూ ఉండరు, పైన గొడుగు మాత్రమే పట్టి ఉంటుంది. రౌతు లేని గుర్రం, దాని మీద గొడుగు కనిపిస్తే మహాభినిష్క్రమణమని అర్థం. ఇది ఒక్కసారి పట్టుబడితే ఏ మ్యూజియంలోనైనా మీరే వెతికి పట్టుకుంటారు.

మూడోది, దృశ్యానికీ దృశ్యానికీ మధ్య గీతలాంటి సన్నని అర. నాగార్జునకొండ పట్టెల్లో ఆ అరల్లో స్త్రీపురుషుల జంటలుంటాయి. కథతో వాటికి సంబంధం లేదు. అక్కడితో ఒక ఘట్టం అయిపోయిందనడానికి అవి ఆనవాలు.

జాతకవనం పిల్లలకు అర్థమవుతుందా?

ముందే కథ చెప్పి తీసుకెళ్తే అవుతుంది. ఇక్కడ 40 జాతక కథల ఫలకాలున్నాయి. 40 కథలూ ఒకేసారి ఎక్కవు. ఇంటి దగ్గరే మూడు చెప్పి ఉంచండి. పావురం కోసం తన ఒంటి మాంసం కోసిచ్చిన శిబి, వేటగాడికి దంతాలు ఇచ్చేసిన ఏనుగు ఛద్దంతుడు, అడిగినవాళ్లకు అన్నీ దానం చేసి చివరికి బిడ్డలను కూడా ఇచ్చేసిన వెస్సంతరుడు. కృష్ణాలోయ శిల్పులకు ఇష్టమైన కథలివి. మిగతావి పిల్లగాండ్లే ఊహించి చెప్పేలా వదిలేస్తే ఇంకా బాగుంటుంది.

ధ్యానవనంలో నిలబడి ఉన్న పెద్ద బుద్ధుడు శ్రీలంక విగ్రహమట. ఇక్కడికెందుకు వచ్చింది?

శ్రీలంకలోని అవుకన బుద్ధుడికి అది ప్రతిరూపం. 27 అడుగుల ఎత్తు, శ్రీలంక ఇచ్చిన కానుక. వస్త్రం మడతలను చూడండి, సన్నని గీతలుగా ఒంటికి అతుక్కొని సాగుతాయి. ఒక భుజం మీద వస్త్రం లేకుండా ఉంటుంది.

శ్రీలంకకూ ఈ లోయకూ బంధుత్వం పాతదే. నాగార్జునకొండలో బోధిశ్రీ అనే ఉపాసిక (బౌద్ధ భక్తురాలు) వేయించిన శాసనం ఉంది. కశ్మీరం, గాంధారం, చీనం, వంగం, వనవాసి, యవన, ద్రమిళ దేశాలతో పాటు తామ్రపర్ణి ద్వీపాన్ని కూడా బౌద్ధం వైపు తిప్పిన ఆచార్యుల ప్రస్తావన అందులో వస్తుంది. తామ్రపర్ణి అంటే శ్రీలంకే. సింహళ విహారం అనే పేరు కూడా ఆ శాసనంలోనే ఉంది. విహారం అంటే భిక్షువులు ఉండే చోటు. సింహళ భిక్షువులు వచ్చి ఉండిపోయిన ఊరు ఇది.

స్తూపవనంలో ఏముంది?

మన దేశంలోవి, ఇతర ఆసియా దేశాలవి కలిపి 13 స్తూపాల చిన్న నమూనాలు. త్వరగా చూసేయొచ్చు. గుమ్మటం బోర్లించిన గిన్నెలా ఉందా, గంటలా ఉందా, మెట్లు మెట్లుగా ఉందా, పైన గొడుగులెన్ని? ఈ నాలుగూ పోల్చి చూసుకుంటే చాలు.

నాగార్జునకొండ నిజంగా మునిగిపోయిందా? మరి మ్యూజియం ఎక్కడుంది?

మునిగింది లోయ. కొండ నెత్తి మిగిలి ద్వీపమైంది. దాని మీదే మ్యూజియం ఉంది.

క్రీస్తుశకం మూడో శతాబ్దం, నాలుగో శతాబ్దం తొలినాళ్లలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలో ఉండేది. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువుల చాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు ఏలిన రాజులు. మగవాళ్లేమో అశ్వమేధాలు చేసి, దేవాలయాలు కట్టించారు. బౌద్ధ విహారాలకు డబ్బు పెట్టింది ఎక్కువగా ఆ ఇంటి ఆడవాళ్లు. విజయపురిలోని మహాచైత్యాన్ని పూర్తి చేయించిన చాంతిశ్రీ మొదటి చాంతమూలుడి తోబుట్టువు. శాసనాలు చదివితే రాజుల పేర్ల కన్నా ఆడవాళ్ల పేర్లే ముందు గుర్తుంటాయి.

1926లో మద్రాసు శాసన విభాగంలో తెలుగు సహాయకుడిగా ఉన్న ఎ.ఆర్. సరస్వతి ఈ చోటును గుర్తించి నివేదించారు. 1927 నుంచి 1931 దాకా పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వారు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ మళ్లీ తవ్వించారు. మహాచైత్యం సుమారు 32 మీటర్ల వ్యాసం ఉంది. లోపల ఇటుక గోడలు బండి చక్రం ఆకుల్లా మధ్య నుంచి అంచుకు పోతాయి, మధ్యలో ఖాళీలను మట్టితో నింపారు. అంత పెద్ద గుమ్మటాన్ని మొత్తం ఇటుకతో కడితే ఇటుక చాలదు, ఉట్టి మట్టి పోస్తే జారిపోతుంది. ఆకుల గోడలు మట్టిని పట్టి ఉంచాయి. ఇటుక ఒక్కొక్కటి 20 అంగుళాల పొడవు, 10 వెడల్పు, 3 మందం. అలాంటి ఒక అరలోనే లాంగ్‌హర్స్ట్‌కు ధాతుపేటిక, అంటే అవశేషాలుంచే పెట్టె, దొరికింది. వెండి పేటికలో చిన్న బంగారు డబ్బీ, అందులో ఎముక ముక్క. అది ఇప్పుడు సారనాథ్ మూలగంధకుటి విహారంలో ఉంది.

1955 డిసెంబర్ 10న నెహ్రూ డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. అప్పటికే లోయ మునుగుతుందని తెలుసు గనుక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను రాయి రాయి గుర్తుపెట్టి విప్పి, కొండ మీదా, కుడిగట్టున అనుపు దగ్గరా మళ్లీ పేర్చారు. ద్వీపం మీద మహాచైత్యం, స్నానఘట్టం కనిపిస్తాయి. మెట్లున్న రంగస్థలం అనుపులో ఉంది. మ్యూజియం 1966లో తెరిచారు. మరుసటి ఏడాది, 1967 ఆగస్టు 4న, ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు.

మన వైపు, అంటే ఎడమగట్టున, ఏమీ మునగలేదా?

మునిగింది. దాని గురించి అడిగేవాళ్లే తక్కువ. దేవరకొండ తాలూకా ఏలేశ్వరం నాగార్జునకొండకు ఎదురుగా, నదికి ఇవతల గట్టున ఉండేది. బృహత్‌శిలాయుగపు సమాధుల నుంచి బౌద్ధం, శైవం దాకా వరసగా ఆనవాళ్లున్న చోటు. ఆంధ్రప్రదేశ్ పురావస్తు శాఖ అక్కడ తవ్వి, దొరికిన వాటిని హైదరాబాద్‌కు చేర్చింది. గగన్‌మహల్‌లో ఆ ఊరి పేరుతోనే ఏలేశ్వరం పెవిలియన్ ఉంది. నల్లగొండ జిల్లావాళ్లు నాగార్జునకొండతో పాటు ఈ పేరు కూడా పిల్లలకు చెబితే బాగుంటుంది.

ఆచార్య నాగార్జునుడు ఇక్కడే ఉన్నాడా?

ఆయన మహాయాన బౌద్ధ తత్త్వవేత్త. శ్రీపర్వతంతో ఆయనను కలిపి చెప్పే సంప్రదాయం బలమైనదే. అయితే ఇక్ష్వాకుల శాసనాల్లో కనిపించేవి శ్రీపర్వతం, విజయపురి అనే పేర్లు. నాగార్జునకొండ అనే పేరు తర్వాతి కాలానిది. కాబట్టి ఆ పేరును బట్టి ఆయన ఇక్కడే ఉన్నాడని తేల్చలేం.

ఒక్క రోజులో బుద్ధవనం, ద్వీపం మ్యూజియం రెండూ అవుతాయా?

అవుతాయి, పొద్దున్నే సాగర్ చేరితే. చాలామందికి కాకపోవడానికి కారణాలు మూడు.

మొదటిది శుక్రవారం. నాగార్జునకొండ మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది. సెలవు కలిసొచ్చిందని శుక్రవారం బయల్దేరినవాళ్లు గట్టు మీద నిలబడి కొండను చూసి తిరిగొస్తారు.

రెండోది లాంచీ. దానికి నీటిమట్టం, గాలి, ప్రయాణికుల సంఖ్య మూడూ కుదరాలి. మనుషులు నిండకపోతే ఆపి ఉంచుతారు, గాలి ఎక్కువైతే పోనివ్వరు, జలాశయం బాగా అడుగంటితే నడవవు. అందుకే సాగర్ చేరగానే మొదటి పని లాంచీల దగ్గర అడగడం. టైము తెలిశాక బుద్ధవనాన్ని ముందు పెట్టుకోవాలా, తర్వాతా అన్నది తేల్చుకోండి. పోను, రాను, అక్కడ చూడను కలిపి కనీసం మూడు గంటలు దీనికే తీసి పెట్టండి. ద్వీపం మీద దిగగానే తిరుగు లాంచీ ఎప్పుడో అడిగి గుర్తుపెట్టుకోండి. మ్యూజియం లోపల టైము తెలియదు. లాంచీ టికెట్, మ్యూజియం టికెట్ వేరువేరు.

మూడోది రెండు గట్లు. లాంచీలు తెలంగాణ వైపు నుంచీ, ఆంధ్ర వైపు దక్షిణ విజయపురి నుంచీ నడుస్తాయి. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకొని "నాగార్జునకొండ" అని కొడితే అవతలి గట్టుకు తీసుకుపోవచ్చు. బుద్ధవనం చూసి పోవాలనుకునేవాళ్లు తెలంగాణ గట్టు మీది హిల్‌కాలనీ వైపే ఉండండి.

రెండింట్లో ఒక్కటే చూసే వీలుంటే? చరిత్ర మీద మనసుంటే మ్యూజియం. చిన్నపిల్లలు, ముసలివాళ్లు వెంట ఉంటే బుద్ధవనం.

ఎలా చేరుకోవాలి?

హైదరాబాద్ నుంచి ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా దాదాపు 150 కి.మీ. మూడు గంటలు పడుతుంది. పొద్దున ఇబ్రహీంపట్నం దాటేదాకే ట్రాఫిక్. ఎంజీబీఎస్ నుంచి బస్సులున్నాయి. నల్లగొండ, మిర్యాలగూడల నుంచి హాలియా మీదుగా రావాలి. మహబూబ్‌నగర్ వాళ్లు జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా జాతీయ రహదారి పట్టుకొని కొండమల్లేపల్లి వచ్చి సాగర్ రోడ్డెక్కడం సులువు. రైల్లో అయితే నల్లగొండ లేదా మిర్యాలగూడలో దిగి బస్సు. మాచర్ల స్టేషన్ కూడా దగ్గరే గానీ అది అవతలి గట్టు.

బస్సులో వచ్చేవాళ్లు హిల్‌కాలనీలో దిగాక బుద్ధవనానికి ఆటో మాట్లాడుకోండి. తిరుగు ప్రయాణం కూడా అప్పుడే ఖాయం చేసుకోండి. సాయంత్రం గేటు దగ్గర ఆటోలు దొరుకుతాయన్న ధీమా వద్దు.

ఏ నెలలో వస్తే బాగుంటుంది? ఏం తెచ్చుకోవాలి?

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. దసరా సెలవుల్లో పచ్చగా ఉంటుంది గానీ జనం ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో రాయి కాలుతుంది. మహాస్తూపం దగ్గర చెప్పులు విడవాల్సిన చోట నాలుగడుగులు వేసేసరికి పిల్లలు ఏడుపు మొదలుపెడతారు. మందపాటి కాటన్ మేజోళ్లు ఒక జత సంచిలో వేసుకుంటే ఈ బాధ తప్పుతుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ లేదా తువాల. నీడ అక్కడక్కడే ఉంటుంది, చెట్లు ఇంకా ఎదగాలి.

టికెట్ ధరలు, తెరిచే వేళలు మారుతుంటాయి. గేటు దగ్గర రాసి ఉన్నదే లెక్క. చీకటి పడేదాకా ఉండొచ్చనుకొని నాలుగున్నరకు వస్తే సగం కూడా చూడలేరు.

నడవలేని పెద్దవాళ్లను తీసుకురావచ్చా?

తీసుకురండి. దారులు చదునుగానే ఉన్నాయి, ఇబ్బందల్లా దూరమే. బ్యాటరీ బండి ఆ రోజు నడుస్తుందా అని టికెట్ తీసుకునేటప్పుడే అడగండి. లేదంటే వాళ్లను నేరుగా మహాస్తూపానికి తీసుకెళ్లి లోపల కూర్చోబెట్టండి, మిగతావాళ్లు తిరిగి రావచ్చు. లాంచీ ఎక్కడం దిగడం, ద్వీపం మీద ఎక్కడం మాత్రం మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం.

డ్యామ్ గేట్లు ఎప్పుడు ఎత్తుతారు? ఆ రోజు బుద్ధవనానికి వస్తే?

డ్యామ్‌కు 26 క్రస్ట్ గేట్లు. నిండు నీటిమట్టం 590 అడుగులు. పైన శ్రీశైలం నిండి నీళ్లు వదిలి, సాగర్ నిండుకు చేరువయ్యాక ఇక్కడి గేట్లు లేస్తాయి. మామూలుగా ఆగస్టు చుట్టుపక్కల. వానలు సరిగా లేని ఏడు అసలు లేవవు.

గేట్లు ఎత్తిన తర్వాత వచ్చే మొదటి ఆదివారం మాత్రం రాకండి. బండ్లు కిలోమీటర్ల కొద్దీ ఆగిపోతాయి, బుద్ధవనం గేటు కంటికి కనబడుతున్నా చేరడానికి గంట పట్టొచ్చు. అదే వారం మంగళవారమో బుధవారమో వస్తే నీళ్లూ చూడొచ్చు, వనమూ చూడొచ్చు.

నీళ్లలో దిగొచ్చా?

వద్దు. గట్టు పక్కన లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. డ్యామ్ కిందివైపు కరెంటు ఉత్పత్తి మొదలైతే మట్టం చెప్పకుండా లేస్తుంది. రాళ్లు నాచు పట్టి జారుతాయి. ఈత వచ్చినవాళ్లు కూడా ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు.

తిండి, బస?

హిల్‌కాలనీలో, డ్యామ్ దారిలో హోటళ్లున్నాయి. చేపల పులుసు, వేపుడు ఇక్కడి ప్రత్యేకం. చేప ముందు చూపించమని అడిగి వేయించుకోండి, తూకం ధర ముందే తేల్చుకోండి. రద్దీ రోజుల్లో మధ్యాహ్నం రెండు దాటితే అన్నం అయిపోతుంది. సద్ది కట్టుకొచ్చుకుంటే అన్నిటికన్నా నయం, కాకపోతే విగ్రహాల మధ్య కూర్చొని తినకండి. రాత్రి ఉండాలంటే పర్యాటక శాఖ వసతి, ప్రైవేటు లాడ్జీలు ఉన్నాయి. శనివారానికి ముందే మాట్లాడుకోవాలి.

బడి పిల్లలను తీసుకురావాలి. ఏమైనా సలహా?

వంద మందిని ఒక్క గుంపుగా నడిపిస్తే ముందున్న పదిహేను మందికి తప్ప ఎవరికీ ఏమీ వినబడదు. 15 నుంచి 20 మందికి ఒక టీచర్ చొప్పున విడదీయండి. ఒక్కో గుంపును ఒక్కో వనంతో మొదలుపెట్టించండి, తోపులాట ఉండదు. ఒక్కొక్కరి చేతిలో ఒక కాగితం పెట్టి ఐదు పనులు చెప్పండి: రౌతు లేని గుర్రాన్ని వెతకడం, ఖాళీ సింహాసనం ఎక్కడుందో చూపడం, ఆయక స్తంభాలు లెక్కపెట్టడం, ఒక జాతక ఫలకంలో ఒకే మనిషి ఎన్నిసార్లు వచ్చాడో చెప్పడం, నచ్చిన స్తూపం గీయడం. సెల్ఫీల గోల దానంతటదే తగ్గుతుంది. ఫలకాలను తాకవద్దని ముందే చెప్పాలి. చేతి జిడ్డు రాయికి పట్టి నల్లబడుతుంది.

ఇది నచ్చింది. దక్షిణ తెలంగాణలో ఇంకేం చూడాలి?

మొదట ఫణిగిరి. సూర్యాపేట జిల్లాలో, తిరుమలగిరికి దగ్గర. కొండ మీద స్తూపం, చైత్యగృహాలు (పూజామందిరాలు), విహారాలు, అన్నీ అసలైనవి. అక్కడ దొరికిన తోరణపు దూలం 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్లొచ్చింది. బుద్ధవనంలో ఫలకాలు చూడటం నేర్చుకొని ఫణిగిరి పోతే కొండ మీద మిగిలిన ఇటుకల పునాదులు కూడా మాట్లాడతాయి. మెట్లెక్కాలి, నీళ్లు వెంట ఉంచుకోండి.

మహబూబ్‌నగర్ నుంచి వస్తున్నాం. పిల్లలమర్రి, బుద్ధవనం ఒకే రోజు కుదురుతాయా?

కుదరవు, రెండూ రెండు దిక్కులు. పిల్లలమర్రికి వేరే పూట కేటాయించండి. ఊరికి ఆనుకొని, ఎకరాల కొద్దీ పరుచుకున్న మర్రి అది. 2017 చివర్లో పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది. చెదలు లోపల తొలిచేయడం కారణం. మందు కలిపిన నీళ్లను సెలైన్ సీసాలతో చుక్క చుక్కగా కాండంలోకి ఎక్కించారు, వాలిన కొమ్మలకు కాంక్రీటు దిమ్మెలు ఆసరా పెట్టారు, ఊడలను గొట్టాల గుండా నేలకు దించారు. ఊడ నేలలో పాతుకుంటే అదే కొత్త కాండమై కొమ్మను మోస్తుంది. అందుకే ఊడలు పట్టుకొని ఊగొద్దనేది.

ఆ పక్కనే మ్యూజియం ఉంది, శ్రీశైలం ముంపులోంచి తరలించి కట్టిన రాజరాజేశ్వర ఆలయం ఉంది. అలంపురంలోని కూడలి సంగమేశ్వరాలయం కూడా అలా విప్పి పేర్చిందే. సాగర్ కింద విజయపురికి, ఏలేశ్వరానికి పట్టిన గతే శ్రీశైలం కింది ఊళ్లకూ పట్టింది.

డ్రోన్ ఎగరేయొచ్చా? పెళ్లి ఫొటోలు తీసుకోవచ్చా?

డ్రోన్ వద్దు. పక్కనే డ్యామ్ ఉంది, అనుమతి లేకుండా ఎగరేస్తే పోలీసులు పట్టుకుపోతారు. మామూలు ఫోన్ ఫొటోలకు అడ్డు లేదు. పెళ్లి ఫొటోలకు, వీడియోలకు కార్యాలయంలో ముందుగా అనుమతి అడగండి. ధ్యానమందిరంలో ఫ్లాష్ వేయొద్దు, పాటలు పెట్టొద్దు. విగ్రహాల ఒళ్లో కూర్చోబెట్టి పిల్లల ఫొటో తీయాలని చూస్తే కాపలావాళ్లు దింపేస్తారు. దింపాల్సిందే.